మాస్టారి తలకాయ

మాస్టారి తలకాయ నేను చేయాల్సింది. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే నేనేదో పెద్దమనసుతో ఇదంతా చెబుతున్నానని మీరు పొరబడతారు. నాకు పెద్దమనసు లేదు. ఇసోబె తెయిజో మాస్టారి దగ్గర ముప్ఫై ఏళ్ళుగా మట్టి పిసుకుతున్నదాన్ని నేను. ఆయనకు డెబ్బయ్యో ఏడాది వస్తోందని, బతికుండగానే ఆయన తల కంచులో పోయించి ట్రైనింగు కాలేజీ తోటలో నిలబెట్టాలని పాత విద్యార్థులంతా చందాలు వేసుకున్నారు. ఆ పని నాకు కాక ఇంకెవరికిస్తారు అనుకున్నాను. టోక్యోలో ఉన్న శిల్పి కుసాకాకు ఇచ్చారు.

ఆ కబురు చెప్పడానికి పాత విద్యార్థుల సంఘం పెద్ద హిరాగా మా బడికే వచ్చాడు. ఆయన పక్క ఊళ్ళో హెడ్మాస్టరు, నేను మిడిల్ స్కూల్లో డ్రాయింగు టీచర్ని. టోపీ మీది మంచు దులుపుకుని, నేనిచ్చిన టీ కప్పు రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు ఈ ఏటి మంచు గురించీ కిందటేటి మంచు గురించీ మాట్లాడాడు. మా అకితా ప్రాంతపు మనిషి సంగతి చెప్పకుండా మంచు గురించి మాట్లాడుతున్నాడంటే కబురు మంచిది కాదని లెక్క.

"ఫుసాయె గారూ, మీరు మరోలా అనుకోకూడదు," అన్నాడు చివరికి.

"ఎలా అనుకోవాలో చెప్పండి, అలాగే అనుకుంటా."

"కుసాకా గారంటే పేరున్న మనిషి. పేపర్లో పడుతుంది. గవర్నరు గారు కూడా ముసుగు తీయడానికి వస్తామన్నారు."

"నాకు పేరు లేదంటారు."

"అయ్యయ్యో, అదేం మాటండీ! మీరు మాస్టారి ఇంటి మనిషి. ఇంటి మనిషికి పని పురమాయిస్తామా?" అని, ఆ నోటితోనే పురమాయించాడు. "కాకపోతే ఒక చిన్న సాయం. కుసాకా గారికి ఈ చలి అలవాటు తప్పిపోయింది. ఆయన వచ్చేసరికి మీరు కాస్త మట్టి పిసికి పెట్టి, రాత్రిళ్ళు అది గడ్డకట్టకుండా చూసుకుంటే..."

ఆ టీ కప్పు ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. "దానికేముందండీ, తప్పకుండా," అన్నాను. అలా అనడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

మాస్టారి గురించి కొంచెం చెప్పాలి. వాళ్ళ నాన్న ఇళ్ళలో పెట్టుకునే బుద్ధుడి మందిరాలు చెక్కేవాడు. మాస్టారు ఆ ఉలి పట్టుకునే టోక్యో వెళ్ళి శిల్పం చదివారు. ముప్ఫై నిండకుండానే ఆయన చేసిన ఒక ఆడమనిషి బొమ్మ, ఆపిల్ బుట్ట దించుకుంటున్నది, ప్రభుత్వ ప్రదర్శనకు ఎంపికైంది. ఇక తిరుగులేదని అందరూ అనుకుంటుండగా, మా ఊరి ట్రైనింగు కాలేజీ వాళ్ళు రెండేళ్ళు పాఠం చెప్పి వెళ్ళమని అడిగారు. వచ్చిన మనిషి మళ్ళీ వెళ్ళలేదు. అప్పటిదాకా బళ్ళలో పిల్లలు అచ్చు పుస్తకం చూసి అదే కొండ, అదే పండు గీసేవాళ్ళు. మాస్టారు ఆ పుస్తకాలు పక్కన పడేయించి, ఒమొనో నది ఒడ్డు మట్టి బండ్లకెత్తించి, ఊరూరా తిప్పి, మీ అమ్మమ్మ చెయ్యి చేసి చూపించండ్రా అన్నారు. ఇన్స్పెక్టర్లు తిట్టారు. ఆయన వాళ్ళకు కూడా కాస్త మట్టి ఇచ్చారట.

యుద్ధంలో, స్టేషను ముందున్న, ఆయన చేసిన కంచు బొమ్మను తుపాకులకని కరిగించడానికి పట్టుకుపోయారు. యుద్ధానికి పంపే సైనికుడికి కట్టినట్టు దానికి భుజాన ఎర్ర పట్టీ కట్టారు. బడిపిల్లలతో పాటు మాస్టారు కూడా ఎదురుగా నిలబడి చేతులెత్తి జేజేలు కొట్టారు. ఆ తర్వాత ఆయన పెద్ద బొమ్మ చేయలేదు. ఇంటి వెనక పాత పట్టుపురుగుల కొట్టం ఉంటే అందులో శనివారం శనివారం మాలాంటి శిష్యుల చేత బొమ్మలు చేయించి, మా పని దిద్దుతూ కూర్చున్నారు.

ఆ దిద్దడం గురించే అసలు గొడవంతా. శనివారం మధ్యాహ్నం మేం వరసగా నిలబడి తలలు చేస్తుంటే ఆయన వెనకనుంచి వచ్చేవారు. నా దగ్గర ఆగేవారు. ఆగి, నిట్టూర్చి, "ఇదేంటమ్మాయ్, ఈ ముక్కుతో మనిషి ఊపిరెలా పీలుస్తాడు?" అనేవారు. అని బొటనవేలు దించేవారు. ముక్కు మారిపోయేది. దవడ మారిపోయేది. మోచేతిదాకా మట్టి పూసుకుని ఆయన కదిలేసరికి, నాది అనుకున్నదాంట్లో నాది మెడ మాత్రం మిగిలేది. పక్కనే కుసాకా. వాడు నాకంటే రెండేళ్ళు చిన్న, ఆపిల్ తోటల వాళ్ళబ్బాయి. వాడి దగ్గరికొచ్చేసరికి మాస్టారు రెండు చేతులూ కిమోనో చేతుల్లోకి దోపుకునేవారు. అలా నిలబడి చూసి చూసి, "ఊఁ. అలాగే ఉండనీ," అని వెళ్ళిపోయేవారు.

అలాగే ఉండనీ! ఆ ఒక్క మాట కోసం నేను ఎన్ని శనివారాలు చచ్చానో దేవుడికి తెలియాలి. వాడు నాలుగేళ్ళుండి టోక్యో వెళ్ళిపోయాడు, బహుమతులు కొట్టాడు, పేపర్లకెక్కాడు. నేను ఉండిపోయాను. జిల్లా ప్రదర్శనలో నాకూ ఒకసారి బహుమతి వచ్చింది. ఇచ్చిన పెద్దమనిషి బొమ్మ చెంప దగ్గర వంగి చూసి, "ఇది ఇసోబె గారి బొటనవేలు కదూ?" అని నవ్వాడు. మాస్టారి బొటనవేలి గోరు ఉలి దెబ్బకు చీలి ఉంటుంది, అది ఆనినచోట మట్టిమీద సన్నని గీత పడుతుంది. ఆ బహుమతి నేను ఇంటికి తెచ్చి బీరువా వెనక పడేశాను.

కుసాకా జనవరి కొత్త సంవత్సరం సెలవుల్లో దిగాడు. నెత్తిన చప్పిడి టోపీ, చేతిలో టోక్యో మిఠాయి పెట్టె. నన్ను చూడగానే నడుం విరిగేలా వంగి, "ఫుసాయె అక్కా, నీ చేతికింద పనిచేయడానికొచ్చా. దయ చూడు," అన్నాడు.

"ఆ టోపీ చలికా, బట్టతలకా?" అన్నాను.

"రెంటికీ అక్కా," అని నవ్వాడు. వాడికి కోపం రాదు. అదొకటి నాకు ఒళ్ళుమంట.

మొదటి రోజే తేలిపోయిన సంగతి ఏమిటంటే, మాస్టారిని కుర్చీలో కూర్చోబెడితే ఆయన ముఖం నిద్రపోతుంది. ఎంతోమందిని కూర్చోబెట్టి బొమ్మలు చేసిన మనిషికి తాను కూర్చోవడం రాలేదు. కుసాకా చెక్క పనిముట్టు పట్టుకుని అటు తిరిగీ ఇటు తిరిగీ, చివరికి నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, నువ్వు ఎదురుగా కూర్చుని ఏదైనా మాట్లాడవా? నీతో మాట్లాడితేనే ఆయన మొహంలో ప్రాణం ఉంటుంది."

మట్టి పిసికింది చాలక కబుర్లు కూడా నేనే చెప్పాలన్నమాట. చెప్పాను. చేపల బజారులో ఎవరు ఎవరి జుట్టు పట్టుకున్నారో, డ్రిల్లు మాస్టారు మంచులో ఎలా జారిపడ్డాడో, హిరాగా గారి చిన్నకూతురు ఎవరితో సినిమాకు వెళ్ళిందో. మాస్టారు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వేవారు. "నీ నోట్లో నిప్పులు పొయ్యా, నిజమేనా?" అనేవారు. ఆ నవ్వు ఆయన బుగ్గల్లోంచి దిగకముందే కుసాకా దాన్ని మట్టిలో పట్టేసేవాడు. నా కబురు, ఆయన నవ్వు, వాడి బొమ్మ. నేను నోరు మూసుకుంటే వాడి పని ఆగిపోతుందని తెలుసు. మూసుకోలేకపోయాను, ఎందుకంటే మాస్టారు నవ్వుతుంటే నాకు బాగుండేది.

రెండో రోజో మూడో రోజో మాస్టారు హఠాత్తుగా, "అమ్మాయ్, చేతులు ఖాళీగా పెట్టుకుని కబుర్లేంటి? నువ్వూ ఒకటి చెయ్," అన్నారు.

"నాకెవరూ పురమాయించలేదు మాస్టారూ."

"నేను పురమాయిస్తున్నా. తల నాది. ఎన్ని చేయించుకుంటే నీకేం?"

ఆయన భార్య మసు అమ్మగారు కుంపట్లో బొగ్గులు ఎగదోస్తూ, "ఒక్క తలకాయతోనే ఇన్నేళ్ళు వేగలేక చచ్చా, ఇప్పుడు మూడా?" అంది.

అలా నేనూ మొదలుపెట్టాను. కుసాకాది నిలువెత్తు బల్ల మీద, నిజం తలకంటే పెద్దది. నాది మూలన చిన్న స్టూలు మీద, ఎవరి కంటా పడకుండా. ఆయన్ని నేను కొలవక్కర్లేదు, తిరిగి చూడక్కర్లేదు. కళ్ళు మూసుకున్నా నా చేతికి వస్తాయి ఆ బుగ్గలు. ఒక విషయం ఒప్పుకోక తప్పదు, ఆ పని చేస్తున్నంతసేపూ నాకు కుసాకా గుర్తురాలేదు. చేయడం ఆపి తల తిప్పగానే గుర్తొచ్చేవాడు. వాడి బొమ్మలో మాస్టారు ఏదో గుడి మెట్లమీద కూర్చున్న మహానుభావుడిలా ఉండేవారు. అందంగా ఉంది. ఆ అందం చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

సాయంత్రం కుసాకా స్టేషను దగ్గర సత్రానికి వెళ్ళిపోయాక రెండు తలలకూ తడిగుడ్డ చుట్టడం, పైన తాడు కట్టడం, పాత బొంత కప్పి కింద వేణ్ణీళ్ళ డబ్బా పెట్టడం నా వంతు. మా చలికి మట్టి ఒక్క రాత్రి వదిలేస్తే గడ్డకట్టి, పొద్దున్నకి పొడిపొడిగా రాలిపోతుంది. వాడి బొమ్మ రాలిపోతే బాగుండునని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. అనుకుంటూనే దానికి రెండో బొంత కప్పేదాన్ని. సవతి బిడ్డకు పాలు పట్టినట్టు ఉండేది నా పరిస్థితి.

చివరి రోజు వచ్చింది. కంచు పోయడానికి ముందు ప్లాస్టరు అచ్చు తీసే మనిషి మధ్యాహ్నం రైలుబండికి వస్తాడు. వాడు వచ్చాక మట్టి పని అయిపోయినట్టే, ఇంక వేలు పెట్టడానికి ఉండదు. నేను పెందలాడే వెళ్ళాను. వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్న మసు అమ్మగారు నన్ను చూసి పార ఆనించి నిలబడింది.

"మీ మాస్టారికి పిచ్చి ముదిరిందే. తెల్లారీ తెల్లారకముందే లాంతరు పట్టుకుని ఎటో పోయాడు. కాళ్ళు రెండూ మంచులో నానబెట్టుకొచ్చి ఇప్పుడు దుప్పట్లో దూరి ముక్కు చీదుతున్నాడు."

ఎటో పోయాడంటే ఎటు పోతాడు? కొట్టం తలుపు జరిపాను. కుసాకా బొమ్మ మీది తాడు నేను కట్టినట్టు లేదు. ఎవరో విప్పి, మళ్ళీ చుట్టబోయి చాతకాక వదిలేసినట్టు ఒక కొస నేలమీద ఉంది. గుడ్డ తీశాను.

ఎడమ కన్ను. నిన్న సాయంత్రం దాకా రెండు కళ్ళూ సరిసమానంగా, నిండుగా, దేవుడి కళ్ళలా ఉన్నాయి. ఇప్పుడు ఎడమ రెప్ప కొంచెం కిందికి దిగింది. అంతే. ఆ ఒక్క రెప్ప దిగేసరికి మహానుభావుడు పోయి మా మాస్టారు వచ్చేశాడు. ఎదుటివాడి బొమ్మ మీద వంగి, ఇప్పుడు ఏదో ఒకటి అనబోతున్న ముసలాయన. రెప్ప మీద సన్నని గీత ఉంది.

దిద్దాడు! కుసాకా పనిని మాస్టారు దిద్దాడు!

నేను నా స్టూలు దగ్గరికి పరుగెత్తాను. తాడు ముడి బిగుసుకుపోయి వేళ్ళకు లొంగలేదు, పళ్ళతో లాగి విప్పాను. గుడ్డ తీశాను. నిన్న ఎలా వదిలానో అలాగే ఉంది. ముక్కు నాది, దవడ నాది, బుగ్గలు నావి. ఎక్కడా గీత లేదు. నా పని మీద ఆయన చెయ్యి పడకపోవడం అదే మొదటిసారి.

నాకు సిగ్గేం లేదు, చంకలు గుద్దుకున్నాను. ఆ కొట్టంలో ఒక్కదాన్నే చిన్నగా పాట కూడా పాడాను. కుంపటి రాజేసి కెటిల్ పెట్టి, కుసాకా రాగానే ఏ ముఖం పెట్టాలా అని ఆలోచించాను. జాలి ముఖం బాగుంటుందనిపించింది. టోక్యో బహుమతులన్నీ కొట్టినవాడు, ముప్ఫై ఏళ్ళ తర్వాత మొదటిసారి దిద్దించుకున్నాడు. అదీ నా ఎదుట. నాది మాత్రం అలాగే ఉంది.

కుసాకా వచ్చాడు. కాలి మంచు విదిలించుకుంటూ బల్ల వైపు చూసి ఆగిపోయాడు. టోపీ తీశాడు. దగ్గరికి వెళ్ళి, ఆ రెప్పకు తన ముఖం తగిలేంత దగ్గరగా పెట్టి చూశాడు.

"బాధపడకు కుసాకా," అన్నాను, గొంతులో తేనె పోసుకుని. "పెద్దాయన. చాదస్తం. చెయ్యి ఊరుకోదు. ప్లాస్టరు మనిషి వచ్చేలోపు మళ్ళీ పైకి లేపేసుకోవచ్చు."

"లేపడమా!" వాడు నా వైపు తిరిగాడు. ఏడుస్తున్నాడు. బట్టతల, యాభై ఏళ్ళ మనిషి, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా నిలబడి ఏడుస్తున్నాడు. "ముట్టుకున్నాడక్కా. నాది ముట్టుకున్నాడు."

"అంటే?"

"నాలుగేళ్ళు నీ పక్కన నిలబడి పనిచేశా. నీ దగ్గరికొచ్చేవాడు, కూర్చుండిపోయేవాడు. తిట్టేవాడు, మోచేతులదాకా మట్టి పూసుకునేవాడు, నువ్వు నవ్వేదానివి. నా దగ్గరికొచ్చేసరికి చేతులు లోపల పెట్టేసుకుని, చలేసినట్టు మొహం పెట్టి, అలాగే ఉండనీ అని పోయేవాడు. ఒకసారి కావాలనే చెవి కిందకి పెట్టా అక్కా. ఇక్కడికి, దవడ దగ్గరికి. అదైనా దిద్దుతాడేమోనని. చూశాడు. అలాగే ఉండనీ అన్నాడు!"

"ఆ చెవి నాకు గుర్తుంది," అన్నాను. కొత్త పద్ధతేమో, నాకు చాతకాదు అనుకుని ఆ వారమంతా కుళ్ళిపోయాను. అది చెప్పలేదు.

"నీ మీద ఎంత ఏడ్చేవాణ్ణో నీకు తెలీదు. రైలెక్కి టోక్యో పోయిందే అందుకు. నీ ముక్కులూ దవడలూ ఆయన సరిచేస్తుంటే చూడలేకపోయా."

కెటిల్ మరుగుతోంది, దించాలన్న ధ్యాస కూడా లేదు నాకు. ముప్ఫై ఏళ్ళు నా దగ్గర ఉన్నది ఒకటే, ఆ బొటనవేలు. దాన్ని అవమానం అనుకుని బీరువా వెనక పడేశాను. అది ఇంకొకడు కుళ్ళుకునేంత సొత్తని ఇవాళ తెలిసింది. తెలిసిన పూటే అది వాడికి దక్కింది, నాకు దక్కలేదు. పొద్దున్న పాడిన పాట తలుచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

తలుపు జరిగింది. మాస్టారు, అమ్మగారి దూది కోటు తొడుక్కుని, ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చారు. వెనకే టీ పళ్ళెంతో అమ్మగారు. కుసాకా నేలమీద చేతులు ఆనించి వంగిపోయాడు.

"ఏంట్రా ఇది? లే," అన్నారు మాస్టారు ఇబ్బందిగా. "కన్ను కాస్త దించా. కోపమొచ్చిందా? రోజూ గడ్డం గీసుకుంటూ చూసుకునే మొహం, నాకు తెలీదా? నువ్వు నన్ను దేవుణ్ణి చేసేశావ్. చూడలేక చచ్చా."

"మాస్టారూ, ఒక్కటే అడుగుతా. అప్పుడెందుకు ముట్టుకోలేదు?"

మాస్టారు కుర్చీలో కూర్చుని, టీ అందుకుని, ఊదుకుని తాగారు. దాటేస్తారేమో అనుకున్నాను.

"కుళ్ళురా," అన్నారు. "నువ్వొచ్చిన నెలలోనే తెలిసిపోయింది. నా చెయ్యి పడితే నీ పని ఇంకో మెట్టెక్కుతుంది. ఎక్కితే నేను నిన్ను తలెత్తి చూడాలి. అది నావల్ల కాలేదు. ఇప్పుడు డెబ్బయ్యొచ్చాయి, ఎవడెంత ఎక్కితే నాకేం?"

"నాకప్పుడే తెలుసు," అంది అమ్మగారు. "శనివారం సాయంత్రం ఇంటికొచ్చి నామీద విరుచుకుపడేవాడు. పులుసులో ఉప్పెక్కువైందట, తలుపు చప్పుడైందట."

అడగకూడదని తెలుసు. అయినా నా నోరు ఊరుకోలేదు. "మరి నాది ఎందుకు దిద్దేవారు మాస్టారూ? ప్రతి శనివారమూ?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. ఎంత ప్రేమగా అన్నారో ఆ మాట. "నీ మీద నాకు కుళ్ళెందుకమ్మాయ్?"

ఆ ప్రేమను ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. తిడితే బాగుండేది.

"ఇవాళ నాది ముట్టుకోలేదు మీరు," అన్నాను.

"ముట్టుకుందామనే వచ్చా. ముందు నీదే మొదలుపెట్టా. ఆ ముడి ఎవరు వేశారే తల్లీ? గోళ్ళు ఊడొచ్చాయి గానీ అది రాలా. ఒక చేతిలో లాంతరాయె. ఛ అని వదిలేసి వాడిది విప్పా, అది చేత్తో తాకగానే వచ్చేసింది."

ఆ ముడి నేనే వేశాను. కుసాకా ముందొస్తే నా బొమ్మ విప్పి చూస్తాడని, వాడి కంట పడకూడదని, ఉన్న బలమంతా పెట్టి బిగించాను. వాడిది కదా అని వాడి తాడు ఊరికే చుట్టాను.

"ఇప్పుడు చూడండి," అని స్టూలు ఎత్తి తెచ్చి ఆయన ముందు పెట్టాను.

మాస్టారు టీ కప్పు పక్కన పెట్టారు. చూశారు. నా పనిని ఆయన అంతసేపు ఊరికే చూడడం నాకు గుర్తులేదు. ఎప్పుడూ చూపుకంటే ముందు వేలు వచ్చేది. కుసాకా కూడా వంగి చూశాడు. వాడు గభాలున ఊపిరి పీల్చడం నాకు వినిపించింది. అమ్మగారు, "అయ్యో, అచ్చం ఈ మనిషే!" అంది.

మాస్టారు మెల్లిగా రెండు చేతులూ దూది కోటు చేతుల్లోకి దోపుకున్నారు.

"ఊఁ," అన్నారు. "అలాగే ఉండనీ."

ఎన్నేళ్ళుగానో నేను పడిచచ్చిన మాట. చలేసినట్టు ముఖం కూడా పెట్టారు. నా పని బాగుంది, నాకు తెలుసు, నా జన్మలో అంత బాగా చేయలేదు. దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోవాల్సింది. కానీ తల తిప్పితే కుసాకా కనిపించాడు. వాడు అప్పటికే తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రెప్ప మీది గీత ఆరిపోకుండా నోటితో నీళ్ళు సన్నగా చిమ్ముతున్నాడు, పసిబిడ్డ కన్ను కడుగుతున్నంత మెత్తగా. ఆ మురిపెం చూసి భరించడం నావల్ల కాలేదు.

నేను మాస్టారి కుడిచెయ్యి కోటులోంచి బయటికి లాగాను.

"ఏంటే?"

"దిద్దండి."

"ఏం దిద్దాలి? తప్పేం లేదిక్కడ."

"లేకపోతే మానె. దిద్దండి."

"అక్కా, వద్దు!" కుసాకా నీళ్ళ గ్లాసు పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చా నీకు? ఇంత బాగా వచ్చింది, చెడిపోతుంది. మాస్టారూ, చెయ్యి తీసేయండి!"

వాడు వద్దన్నకొద్దీ నేను ఆ చెయ్యి వదల్లేదు. మాస్టారు నా ముఖంలోకి చూశారు. ఏం కనిపించిందో గానీ వాదించలేదు. బొటనవేలు చాపి, నా బొమ్మ కుడి బుగ్గ మీద ఆనించి, ఒక్కసారి గట్టిగా నొక్కారు. బుగ్గ లోపలికి పోయింది. పన్ను నొప్పితో బాధపడుతున్నవాడిలా అయిపోయింది ముఖం. మధ్యలో సన్నని గీత.

"చెడింది," అన్నారు మాస్టారు.

"చెడనీండి," అన్నాను.

ఆ తర్వాత సంగతులు మీకు తెలిసే ఉంటాయి. కుసాకా చేసిన తల కాలేజీ తోటలో ఉంది. గవర్నరు వచ్చాడు, పేపర్లో పడింది, చూసినవాళ్ళంతా ఆ ఎడమ రెప్పనే మెచ్చుకుంటారు. నాది ప్లాస్టరులో మా ఇంట్లో ఉంది. వచ్చినవాళ్ళు చూసి, అన్నీ బాగా కుదిరాయి, ఆ బుగ్గ దగ్గరే పొరపాటు జరిగినట్టుంది, సరిచేయలేకపోయావా అంటారు. నేను టీ పోస్తాను.

కానీ ఆ రోజు మధ్యాహ్నం ఇంకా మిగిలే ఉంది. ప్లాస్టరు మనిషి బండి ఆలస్యమని అమ్మగారు మమ్మల్ని కొట్టంలోనే కూర్చోబెట్టి అన్నం పెట్టింది, పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ, చేప పులుసు. మాస్టారు తుమ్ముతూ తిన్నారు. కుసాకా గిన్నె చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. వాడి చూపు తన బల్ల మీద లేదు, నా స్టూలు మీద ఉంది. తప్పు ఉంది గనక వాడిది దిద్దారు. నాది తప్పు లేకపోయినా, నేను అడిగాను గనక దిద్దారు. ఆ తేడా వాడికి కూడా అర్థమైంది. నవ్వే ముఖం వాడిది, ఎప్పుడూ కోపం రాని ముఖం, కింది పెదవి బిగుసుకుని నల్లగా మాడిపోయింది.

"తినవేం కుసాకా?" అన్నాను.

"ఆకలి లేదక్కా."

నేను గిన్నె అమ్మగారి వైపు చాపి ఇంకోసారి వడ్డించమన్నాను.